వేపమండ కట్టిన గుమ్మం

రెండు వేపమండల్ని కలిపి కట్టిన తెల్ల పట్టీని ఇన్‌స్పెక్టర్ సుందరరాజన్ వేలితో తాకకుండా, ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. పట్టీ చివర దారాలు లేచి ఉన్నాయి. కత్తెరతో కోసింది కాదు, పళ్ళతో కొరికి చింపింది. ఆటగాళ్ళు వేళ్ళకీ మణికట్లకీ చుట్టుకునే పట్టీ అది.

ఆ గుమ్మం ముందు అతను నిలబడటం ఇది రెండోసారి. మొదటిసారి నిన్న, శుక్రవారం, పొద్దున పదకొండూ ఇరవైకి. అప్పుడు పట్టీ కనపడలేదు. వేప కనపడింది. వేప కనపడగానే కాళ్ళు బూట్లు విడిచాయి, చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి, ఒళ్ళు వెనక్కి తిరిగింది. ఇంట్లో అమ్మవారు పోసి ఉన్నప్పుడు బయటివాడు గడప తొక్కడు. కోవిల్‌పట్టిలో ఈ సంగతి ఎవరికీ ఎవరూ నేర్పరు.

ఇవాళ శనివారం, మధ్యాహ్నం పన్నెండూ పది. నిన్న ఆ తలుపు వెనక ప్రాణంతో ఉన్న సెల్వరాణి ఇవాళ పొద్దున ఆరింటికి చచ్చిపోయింది.

సెల్వరాణికి పంతొమ్మిదేళ్ళు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కూలీల ఇళ్ళ వరసలో పుట్టి, భారత మహిళల రగ్బీ జట్టులో తొమ్మిదో నంబరు చొక్కా తొడుక్కున్న పిల్ల. ఎనిమిది మంది ఎనిమిది మందిని తోసే ఆ గుంపు కాళ్ళ మధ్య నుంచి బంతిని కన్ను మూసి తెరిచేలోగా బయటికి విసరడం తొమ్మిదో నంబరు పని. చిన్నప్పటినుంచీ ఫ్రేముల్లో అగ్గిపుల్లలు పేర్చిన చేతులకు అది కష్టం కాలేదని పేపర్లో రాశారు.

ఆసియా దేశాల ఆహ్వాన పోటీలు అసలు పూణేలో జరగాలి. అక్కడ స్వైన్‌ఫ్లూతో బడులే మూసేశారు. నిర్వాహకులు చివరి నిమిషంలో పోటీల్ని దక్షిణానికి మార్చారు. మ్యాచ్‌లు విరుదునగర్‌లో, మన జట్టు బస కోవిల్‌పట్టిలో. వచ్చిన నాలుగు దేశాలూ ఒకే షరతు పెట్టాయి. ఏ జట్టులో ఒక్కరికి ఆ జ్వరం తేలినా మర్నాడే విమానం ఎక్కుతాం. రేపు సాయంత్రం నాలుగింటికి ఫైనల్. మన జట్టు ఫైనల్లో ఉంది.

మంగళవారం పొద్దున్నుంచి శిబిరంలో ఇద్దరు అమ్మాయిలు లేరు. సెల్వరాణి ఒకతె. ఆమె గదిలోనే ఉండే రెండో నంబరు మారీశ్వరి ఇంకొకతె. గురువారం ఆరోగ్యశాఖ వాళ్ళు తలలు లెక్కపెట్టి అడిగితే, పోటీల బందోబస్తు చూస్తున్న విరుదునగర్ ఇన్‌స్పెక్టర్ సుందరరాజన్ మీద పడింది వెతికే పని. ఒకరు ఇలా దొరికారు. మారీశ్వరి ఇంకా దొరకలేదు. జ్వరంతో ఉన్న పిల్ల పక్కన పడుకుని సేవ చేసింది కనక ఈపాటికి ఆమెకూ వచ్చే ఉంటుంది. మందు పడితే బతుకుతుంది. పడకపోతే ఏమవుతుందో ఈ గుమ్మం చెబుతోంది.

"లోపలికి రండి సార్. ఇవాళ బూట్లతోనే రావచ్చు."

లోపలినుంచి గొంతు. కోవిల్‌పట్టి ఇన్‌స్పెక్టర్ ఇసక్కిరాజాది. సుందరరాజన్ కన్నా పన్నెండేళ్ళు చిన్న. వేరే జిల్లా, వేరే ఎస్పీ. ముక్కు మీద మాస్కు, మాస్కు పైన నవ్వుతున్న కళ్ళు.

బూట్ల సంగతి ఇతనికి ఎవరు చెప్పారు? సుందరరాజన్ ఆ ప్రశ్నను పక్కన పెట్టి గడప దాటాడు.

ఒక్కటే గది. శవాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చాప అలాగే ఉంది. చాప మీద వేపాకు పరిచి ఉంది. తలవైపు పసుపు నీళ్ళ చెంబు. మూలన తాగేసిన కొబ్బరిబోండాలు ఎనిమిది. రోట్లో నూరిన వేపాకు ముద్ద ఎండి పగుళ్ళు వేసింది. పొయ్యి దగ్గర నూనె మరక లేదు, తాలింపు వాసన లేదు. అమ్మవారున్న ఇంట్లో తాలింపు పెట్టరు. అంటే పట్టీ కట్టినవాళ్ళు అబద్ధానికి కట్టారు. లోపల సేవ చేసిన మనిషి మాత్రం నాలుగు రోజులూ నిజంగా నమ్మి నడుచుకుంది.

"చూడ్డానికి ఏం మిగల్లేదు సార్," అన్నాడు ఇసక్కిరాజా. "టీమ్ మేనేజరు కన్నన్‌ని పదింటికే ఎత్తాను. బయట జీపులో ఉన్నాడు. ఒప్పుకున్నాడు కూడా. సోమవారం ఈ పిల్లకి జ్వరం. బయటికి పొక్కితే పోటీలు గోవిందా. మంగళవారం పొద్దున్నే ఇద్దర్నీ ఆటో ఎక్కించి ఇక్కడికి పంపాడు. రాత్రికి ఎవరో విదేశీ జట్టు డాక్టరు కాళ్ళావేళ్ళా పడి రెండు షీట్ల మాత్రలు సంపాదించి తల్లి చేతికి పంపించాడు. డాక్టరు చూడకుండా మింగిన మందు వికటించింది. పిల్ల పోయింది. మూడు గంటల్లో కేసు తేలిపోయింది. మీరు మూడు రోజులు తిరిగారు కదూ?"

"మాత్రలు మింగినట్టు ఎవరు చెప్పారు?"

"ఇచ్చాక మింగకుండా ఏం చేస్తారు?"

"ఖాళీ షీట్లు దొరికాయా?"

ఇసక్కిరాజా గది చుట్టూ చూశాడు. అతని మనుషులు ట్రంకుపెట్టె బోర్లించారు. రగ్బీ సంచీ దులిపారు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టారు. ఒక్క చోటు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. గోడ గూట్లో అమ్మవారి పటం, ముందు ఇత్తడి దీపం, దీపం కింద పసుపు గుడ్డ.

సుందరరాజన్ గూట్లోకి చెయ్యి చాపాడు. తలుపు దగ్గరి కానిస్టేబుల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. చాపిన చేతికి కూడా ఒక క్షణం భయం వేసింది. నిన్న ఇంతపాటి భయాన్ని దాటి ఉంటే, అనుకుంది మనసు. అతను ఆ వాక్యాన్ని పూర్తి కానివ్వలేదు. పసుపు గుడ్డ ఎత్తాడు.

రెండు షీట్లు. ఒక్కో దాంట్లో పదేసి గొట్టం మాత్రలు. ఇరవై ఉండాల్సిన చోట ఇరవయ్యీ ఉన్నాయి. రేకు ఎక్కడా చిరగలేదు. మీద బొట్టు పెట్టి ఉంది.

"ఇవీ మీ విషం," అన్నాడు సుందరరాజన్. "ఒక్కటి మింగి ఉన్నా బతికేదేమో."

---

కన్నన్‌కి నలభై దాటాయి. ఒకప్పుడు ఇదే ఊరి హాకీ మైదానంలో పేరు మోసిన ఆటగాడు. జీపు వెనక సీట్లో రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు.

"సోమవారం జ్వరం ఎంత?"

"నూట రెండున్నర అన్నా."

"రిజిస్టర్లో తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు అని ఉంది. జట్టులో ఇరవై మూడు మందికీ అదే అంకె."

"నేనే రాశాను. ఒక్కదానికి అబద్ధం రాశాక మిగతావాళ్ళకి నిజం రాయడానికి చెయ్యి రాలేదు."

"వేప కట్టమన్నది నువ్వేనా?"

"కాదన్నా! నాలుగు రోజులు ఎవర్నీ గుమ్మం దగ్గరికి రానివ్వకండి అన్నాను. అంతే. మారీశ్వరి నవ్వింది. ఎవరూ రారు సార్, నేను చూసుకుంటా అంది."

"పంపడానికి నీకు మనసెలా వచ్చింది?"

కన్నన్ తల ఎత్తాడు. "సెల్వరాణే అడిగింది. నా వల్ల పోటీలు ఆగిపోయినాయి అంటే ఈ ఊళ్ళో తిరగలేను సార్, ఆదివారానికి లేచి ఆడతా అంది. వద్దనాలి. తెలుసు. నాకూ ఫైనల్ చూడాలని ఉంది అన్నా. అది ఆడకపోతే గెలవం."

"మారీశ్వరి ఎక్కడ?"

"ఇక్కడే ఉందనుకున్నాను. దేవుడి తోడు."

అబద్ధం చెప్పేవాడు ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగుతాడు. పట్టుబడాలని కోరుకునేవాడు ప్రశ్నకు ముందే పరిగెడతాడు. కన్నన్ పొద్దున్నుంచీ పరిగెడుతూనే ఉన్నాడని సుందరరాజన్‌కి అర్థమైంది. అతని దగ్గర ఇక కొత్తగా దొరికేదేమీ లేదు.

---

పాండియమ్మాళ్ పక్కింటి అరుగు మీద కూర్చుని ఉంది. కూతురు పోయి ఆరు గంటలైనా కళ్ళలో తడి లేదు. పొద్దున్నుంచీ ఇసక్కిరాజా తమిళంలో అడిగిన వాటన్నిటికీ ఆమె ఒకే మాట చెప్పింది. తెలీదు. పోలీసు నిన్న వచ్చి బూట్లు విడిచి వెళ్ళిపోయాడన్న ఒక్క సంగతి తప్ప ఇంకేం చెప్పలేదు.

సుందరరాజన్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మాస్కు కిందికి లాగబోయి ఆగాడు. ఇంట్లో మాట్లాడే తెలుగులో అడిగాడు. "అక్కా, మంగళవారం ఆపీసు నించి ఎన్నింటికి వస్తివి?"

ఆ ఊళ్ళో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని ఆపీసు అనే అంటారు. ఆమె కళ్ళు మెల్లగా అతని మీదికి వచ్చాయి.

"మీరు మన మాటే మాట్లాడతారా సామీ?"

"ఎట్టయాపురం దారిలో మా ఊరు. మా అమ్మ ఇంకో మాట ఎరగదు."

ఆమె తల దించుకుంది. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. చీర కుచ్చిళ్ళని అగ్గిపుల్లల్లాగా ఒకదాని పక్కన ఒకటి పేరుస్తున్నాయి.

"ఆరున్నర ఆయె. వచ్చి చూస్తే గుమ్మానికి వేప కట్టిండాది."

"ఎవరు కట్టారని అడగలేదా?"

"వేప కట్టినాక అడిగేదేముండాది? తలకు నీళ్ళు పోసుకొంటిని, పసుపు రాసుకొంటిని, లోపలికి పోతిని. బిడ్డ పొయ్యి మాదిరి కాలతా ఉండాది."

"ఒంటి మీద ముత్యాలు తేలినాయా?" అమ్మవారి పొక్కుల్ని అక్కడ ముత్యాలంటారు.

"లేదు. అదే బయమాయె. లోపల్నే నిలిచిపోయినాయి అనుకొంటిని. పైకి తేలితే బతుకుతాది, తేలకపోతే శానా చెడ్డది. తేలేదానికి వేపాకు నూరి పూస్తిని. బోండాల ఇళనీరు పోస్తిని. రాగి గంజి చల్లారబెట్టి పోస్తిని. ఏమి తక్కువ చేసినాను సామీ?"

"ఏమీ తక్కువ చేయలేదు అక్కా." అది నిజం. ఆ నిజమే భయంకరంగా ఉంది. "మాత్రలు ఇచ్చినారు గదా, అవి?"

"అమ్మవారు కూర్చున్న ఇంట్లో మాత్ర మింగేదా? ఆయమ్మకు కోపం రాదా? పారేసేదానికీ బయమే. ఆయమ్మ పాదాల కాడ పెడితిని. నువ్వే చూసుకో తల్లీ అంటిని."

సుందరరాజన్ తర్వాతి ప్రశ్న అడగకుండా లేచిపోవచ్చు. కేసుకు దాని అవసరం లేదు. అయినా అడిగాడు. అడగకపోతే ఆ ప్రశ్న తన లోపలే ఉండిపోయి, ఏళ్ళ తరబడి సమాధానాలు తయారుచేసుకుంటుందని అతనికి తెలుసు.

"సెల్వరాణి ఏమీ చెప్పలేదా?"

పేరుస్తున్న వేళ్ళు ఆగాయి.

"చెప్పినాది. బుధవారం నించీ చెప్పతానే ఉండె. ఇది అమ్మవారు కాదుమా, మేమే కట్టినాము, మాత్ర ఈయిమా అనె. జొరంలో బిడ్డ నోట్లోంచి ఆయమ్మే మాట్లాడతాది గదా సామీ. నన్ను పరీచ్చ చేస్తా ఉండాది అనుకొంటిని. ఈయను తల్లీ, నేను తప్పేదాన్ని గాదు అంటిని."

వీధిలో సైకిల్ బెల్లు మోగింది. ఎవరో దగ్గారు. ఆ దగ్గుకి అరుగుల మీద ఉన్నవాళ్ళంతా కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు.

"నిన్న మీరు వచ్చినారు గదా," అంది పాండియమ్మాళ్.

అతను తల ఊపాడు.

"తలుపు కింది సందులో మీ కాళ్ళు కనపడె. బూట్లు ఇడిచినారు. మంచి బిడ్డ, బయం బక్తి ఉండే బిడ్డ అనుకొంటిని. సెల్వి అనె, ఎవురో వచ్చిండారు, పిలువుమా అని. అరిచేదానికి నోరు తెరిచె." ఆమె తన కుడిచేతిని ఒళ్ళోకి తెచ్చుకుని చూసుకుంది. "నేను మూస్తిని సామీ. ఈ చేత్తోనే దాని నోరు మూస్తిని. మీరు పొయ్యేదాకా."

నిన్న అక్కడ ఎంతసేపు నిలబడ్డాడు? అర నిమిషం. ఎక్కువ కాదు. ఆ అర నిమిషంలో అతను ఏం ఆలోచించాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఏమీ ఆలోచించలేదు. చిన్నప్పుడు తనకు అమ్మవారు పోసినప్పుడు గోక్కోకుండా తల్లి తన చేతులకు మెత్తటి గుడ్డ చుట్టిన సంగతి ఒక్కటి మెదిలింది. దాని వెచ్చదనం మెదిలింది. ఆ వెచ్చదనంతోనే వెనక్కి తిరిగాడు. ముప్పై ఏళ్ళుగా ప్రతి తలుపునూ అనుమానించి బతికినవాడు, తనకు ఇష్టమైన జ్ఞాపకం కాపలా ఉన్న తలుపును మాత్రం అనుమానించలేదు.

"మారీశ్వరి నిన్న ఇంట్లో లేదా అక్కా?"

"లేదు. బుధవారం మద్దేనమే పంపిస్తిని. దానికీ ఒళ్ళు నొప్పులు మొదలాయె. ఒకే ఇంట్లో ఇద్దరి మీదికి రాకూడదు తాయీ, నీ ఇంటికి పో అంటిని. చేతికి వేపమండ ఇస్తిని. బస్సులో ఎవురినీ తాకొద్దు, పొయ్యి మీ అవ్వకు ఇయ్యి, గుమ్మానికి కట్టమను అంటిని."

"ఆమె ఏమీ అనలేదా?"

"ఏడ్చె. ఏమో చెప్పబోయె. గూట్లో మాత్రలకు చెయ్యి చాపె. చేతి మీద కొడితిని."

సుందరరాజన్ జేబులోంచి నోటుబుక్కు తీశాడు. శుక్రవారం పేజీకి ముందు గురువారం పేజీ. అందులో గుండుసూదితో గుచ్చిన చీటీ. మారీశ్వరి చిరునామా చూసి రమ్మని విరుదునగర్‌లో కానిస్టేబుల్ మాయాండిని పంపితే, అతను రాసి ఇచ్చింది. *నూనె మిల్లు వెనక వరస, మూడో ఇల్లు. అవ్వ సీనియమ్మాళ్, మనవరాలు. తలుపు వేసి ఉంది. ఇంట్లో అమ్మవారు. విచారించలేదు.*

గురువారం సాయంత్రం టీ తాగుతూ ఆ చీటీ చదివాడు. పేజీ తిప్పాడు. మర్నాడు తానే ఇంకో గుమ్మం ముందు నిలబడి, తిరిగొచ్చి, తన చేత్తో అవే మాటలు రాసుకున్నాడు. ఇద్దరు పిల్లలు మాయమయ్యారు. రెండు ఊళ్ళలో రెండు ఇళ్ళకూ అమ్మవారు. ఐదో తరగతి పిల్లవాడు కూడా రెంటినీ కలిపేవాడు. గౌరవించే చోట మనసు తన పని మానేసి నిలబడుతుంది. అది మతిమరుపు కాదు. అలసట కాదు. దానికి ఏ పేరూ పెట్టి తప్పించుకోలేడు.

బుధవారం మధ్యాహ్నం నుంచి శనివారం మధ్యాహ్నానికి డెబ్భై రెండు గంటలు. ఒక్క మాత్ర పడకుండా.

---

ఇసక్కిరాజా రెండు షీట్లనూ కవర్లో పెట్టి లక్క కరిగిస్తున్నాడు.

"ఆగు. ఒక షీటు నాకు కావాలి."

"ఏ సెక్షన్ కింద సార్?"

"మారీశ్వరి విరుదునగర్‌లో ఉంది. జ్వరంతో ఉంది. ఈ మందు బయట ఏ షాపులోనూ అమ్మరు. మదురై పెద్దాసుపత్రి నుంచి రావాలి. ఇప్పుడే వాళ్ళ డాక్టరుతో మాట్లాడాను. కాగితాలు దాటి మందు కదిలేసరికి ఐదవుతుంది అంటున్నాడు. నేను గంటలో ఇవ్వగలను."

"ఇది సాక్ష్యం. ఇరవై మాత్రలూ చెక్కు చెదరలేదని మీరే కదా నిరూపించారు? ఇప్పుడు పది మాయమైతే కోర్టులో నన్ను చూసి నవ్వుతారు."

"కోర్టుకు పది చాలు. చచ్చిపోయిన పిల్లకు ఒక షీటు. బతికున్న పిల్లకు ఒకటి."

"మీ జిల్లా పిల్ల మీద మీకు ప్రేమ. నా జిల్లా కేసు మీద నాకు ప్రేమ." ఇసక్కిరాజా లక్కను పక్కన పెట్టాడు. కళ్ళు ఈసారి నవ్వడం లేదు. "ఒక సంగతి చెప్పండి. కన్నన్ మందు ఇచ్చాడు, తల్లి ఇవ్వలేదు. తల్లిని నేను అరెస్టు చేయలేను. చేస్తే ఈ వరస మొత్తం స్టేషన్ మీదికి వస్తుంది. మరి ఈ చావు ఎవరి ఖాతాలో రాయమంటారు? నిన్న పదకొండూ ఇరవైకి ఒక పోలీసు ఈ గుమ్మం దాకా వచ్చి వెళ్ళాడు. తల్లి నోటిమాట పనికిరాదు. రాతలో కావాలి."

అతను ఏం అడుగుతున్నాడో సుందరరాజన్‌కి అర్థమైంది. రిటైర్మెంటుకు పదకొండు నెలలున్నాయి. నోటుబుక్కులో శుక్రవారం పేజీని చించకుండా, పుస్తకం మొత్తాన్నే తెరిచి అతని ముందు పెట్టాడు. కింద సంతకం చేశాడు. టైము వేశాడు. పన్నెండూ యాభై ఐదు.

ఇసక్కిరాజా పైకే చదివాడు. "పదకొండూ ఇరవై. సెల్వరాణి ఇల్లు. ఇంట్లో అమ్మవారు. లోపలికి వెళ్ళలేదు." మళ్ళీ ఒకసారి లోపల్లోపల చదువుకున్నాడు. పుస్తకం మూశాడు. తలుపు దగ్గరి తన కానిస్టేబుల్‌ని చూశాడు, గూటిని చూశాడు.

"నేనైనా అంతే చేసేవాణ్ణి," అన్నాడు, గొంతు తగ్గించి. "కానీ రాసుకునేవాణ్ణి కాదు."

ఒక షీటు తీసి చేతికిచ్చాడు.

---

ఒంటిగంటకు జీపు కదిలింది. సాత్తూరు దాటేలోపు సుందరరాజన్ 108కి ఫోన్ చేశాడు. ఉన్న ఒక్క అంబులెన్సూ ఏదో యాక్సిడెంటుకి పోయింది, గంట పడుతుందన్నారు. మాయాండికి చేశాడు. ఇంటి దగ్గరే ఉండు, ఎవరినీ కదలనివ్వకు. మాయాండి సరే సార్ అన్నాడు, ఇంకేదో చెప్పబోయాడు, లైను పోయింది.

రెండింటికి ఐదు నిమిషాలు తక్కువ. నూనె మిల్లు వెనక వరస మొదట్లో మాయాండి నిలబడి ఉన్నాడు. సుందరరాజన్ అతన్ని దాటి ఇళ్ళు లెక్కపెడుతూ పరిగెత్తాడు. ఒకటి, రెండు, మూడు.

గుమ్మానికి వేప. వంగి చూశాడు. పట్టీ లేదు. అరటినార, పసుపులో తడిపింది. ముడి పాతకాలపు ముడి. ఇది అబద్ధానికి కట్టింది కాదు. గడపలో సీనియమ్మాళ్ కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. రెండు చేతులూ అడ్డం చాపింది.

"రావద్దు నాయనా. ఆయమ్మ ఉండాది లోపల. మీకు మంచిది గాదు."

"ఆయమ్మ లేదు అవ్వా. నీ మనవరాలు ఒక్కతే ఉంది."

ఆమె చేతుల్ని మెల్లగా పక్కకు జరిపి బూట్లతో లోపలికి అడుగు వేశాడు. వెనక ముసలామె గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. మనిషిని కొడితే వచ్చే అరుపు. ఆ అరుపు తన మీద ఇక ఎప్పటికీ ఉంటుందని అతనికి తెలుసు. ఆగలేదు.

మారీశ్వరి గోడకు ఆనుకుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు కాబోలు. ప్రత్యర్థుల్ని మెడతో నెట్టుకుపోయే పిల్ల మెడ, ప్రతి ఊపిరికీ నరాలు తేలి దిగుతోంది. అతని చేతిలో షీటు చూసి పెదాలు కదిలించింది.

అతను రేకు చింపాడు. మొదటి మాత్ర ఆమె నాలుక మీద పెట్టి చెంబు ఎత్తి పట్టాడు. సగం నీళ్ళు మెడ మీదికి కారాయి. మాత్ర దిగింది.

"సెల్వి... లేసిందా సార్? రేపు ఆడతాదా?"

అతను చెంబును కింద పెట్టడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ సేపు తీసుకున్నాడు. మారీశ్వరి అతని ముఖం చూసింది. మళ్ళీ అడగలేదు.

"నేనే సార్ కట్టింది," అంది కాసేపటికి. "నవ్వుతూ కట్టినాను. తాడు లేక పట్టీ కొరికినాను. ఇక్కడ అవ్వకు చెప్పినాను, ఇది అది కాదు అని. వినలేదు. ఊళ్ళో పిల్లల్ని పిలిచింది. అమ్మవారు మనింటికి వచ్చిండాది, వచ్చి దండం పెట్టుకోండి అనింది. నా చేత్తో పిల్లలకు విబూది పూయించింది. ఎదురింటోళ్ళు... పక్కింటోళ్ళు..."

సుందరరాజన్ గుమ్మంలోకి వచ్చాడు. వచ్చేటప్పుడు మూడో ఇంటిని వెతుక్కుంటూ వచ్చాడు. మూడో ఇంటినే చూశాడు. మళ్ళీ అదే పని. ఇప్పుడు తల ఎత్తి వరసంతా చూశాడు.

ఎదురింటి గుమ్మానికి వేప. దాని పక్క గుమ్మానికి వేప. ఈ వైపు ఐదో ఇంటికి వేప. అన్నిటికీ అరటినార, అన్నిటికీ పసుపు.

"గురువారం ఒక్క ఇల్లే సార్," అన్నాడు మాయాండి. అతను గడప బయటే ఆగి ఉన్నాడు. "ఫోన్‌లో అదే చెప్పబోయాను. ఇంకోటి కూడా ఉంది. ఈ వరస ఆడవాళ్ళంతా ఆటగాళ్ళ వంటశాలలో పనిచేస్తారు. మైదానం దగ్గర ఐదు జట్లకూ వీళ్ళే వడ్డన. ఇవాళ పొద్దున కూడా వెళ్ళారు."

"ఆ వంటశాల ఇప్పుడే మూయించు. ఏ జట్టునీ గదుల్లోంచి కదలనివ్వద్దని ఆరోగ్యశాఖ డాక్టరుకి నా పేరుతో చెప్పు. రేపు ఆట లేదని చెప్పు."

"మీ పేరుతోనా సార్?"

"ఇవాల్టి దాకా పనికొస్తుంది."

మాయాండి పరిగెత్తాడు. సుందరరాజన్ చేతిలో షీటు ఉంది. తొమ్మిది మాత్రలు. ఒక మనిషికి పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఐదు రోజులు. అవి మారీశ్వరికే సరిపోతాయి, ఇంకొకరికి ఒక్కటీ మిగలదు. మదురై మందు ఐదింటికి. ఇప్పుడు రెండూ పది.

ఎదురింటి తలుపు వెనక ఎవరో దగ్గారు. చిన్న దగ్గు, చిన్న ఛాతీది. వెంటనే ఆ దగ్గును ఎవరో చేత్తో నొక్కినట్టు సగంలో ఆగిపోయింది.

తలుపు కింది సందులో రెండు పాదాలు కనపడుతున్నాయి. పెద్దవి. కడియాలు ఉన్నాయి. ఆ పాదాలు కదలకుండా ఉన్నాయి. అతను వెళ్ళిపోయేదాకా ఆగుదామని చూస్తున్నాయి.

సుందరరాజన్ కాళ్ళు అలవాటుగా బూట్లలోంచి మడమలు ఎత్తాయి. అతను ఆ మడమల్ని మళ్ళీ లోపలికి నొక్కి, వీధి దాటి, తలుపు మీద చెయ్యి వేశాడు.